హెల్సింకీలో సందెదీపం

ఆ రోజుల్లో నాకు తెలియని ఊరంటూ లేదు. చూసిన ఊళ్లే తక్కువ. చింతామణి బస్టాండు ఎదురుగా మా మేనమామకు యాత్రల ఆఫీసు ఉండేది. అందులో కొత్తగా కుదిరిన నేను, కాశీ బస్సుకు సీట్లు రాసుకుంటూ, ఖాళీ దొరికితే ఫోనులో ప్రపంచమంతా తిరిగేవాణ్ణి. పారిస్‌లో ఏం తినాలో, రోములో ఏ వీధిలో జేబు జాగ్రత్తో గడగడా చెప్పేవాణ్ణి. పక్కనున్న బాగేపల్లి దాటి పైకి పోయింది మాత్రం ఒక్కసారే, అదీ ఎవరి పెళ్లికో. ఆ ధైర్యంతోనే, మామ మొదటిసారి ఐరోపా యాత్ర వేసి నన్ను వెంట పొమ్మంటే సరేనన్నాను. (కాదనడానికి తెలివి కావాలి. అది నాకు తర్వాత వచ్చింది.) విమానం టిక్కెట్లు చౌకగా దొరికాయని మొదటి మజిలీ ఫిన్లాండు రాజధాని హెల్సింకీ అయింది.

వచ్చినవాళ్లంతా మా ఊరి పట్టు వ్యాపారుల కుటుంబాలు, చుట్టుపక్కల పల్లెల రైతులు. వాళ్లందరికీ పెద్ద, పట్టుగూళ్ల అవ్వ. డెబ్బై దాటిన మనిషి, గూళ్ల వ్యాపారంలో తల పండినావిడ. ఆవిడ 'బాగుండాది' అంటే ఊళ్లో చీర అమ్ముడుపోయేది, 'ఏమో' అంటే కుదిరిన సంబంధం తప్పిపోయేది. మామ విమానాశ్రయం దాకా వచ్చి నన్ను పక్కకు లాగాడు. "ఒరే, మిగిలినోళ్లు తప్పిపోతే ఎతుక్కోవచ్చు. అవ్వ మాత్రం ఏళకు తిని నవ్వతా తిరిగి రావల్ల. ఆయమ్మకు షుగర్ ఉండాది, పూట తప్పితే వణుకు వస్తాది. ఆయమ్మకు ఏమన్నా అయితే మన ఆఫీసుకు బీగమే" అన్నాడు. నేను ఫోనులోంచి తల ఎత్తకుండానే "నేనుండాను కదా మామా" అన్నాను.

హెల్సింకీలో దిగి బస్సెక్కగానే మైకు అందుకున్నాను. "ఈ ఊళ్లో కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు! బస్టాపులో మనిషికీ మనిషికీ నడుమ ఎద్దులబండి పట్టేంత ఎడం పెట్టి నిలబడతారు! ట్రాములో ఎవరూ గట్టిగా మాట్లాడరు!" (ఈ చివరి సంగతి మావాళ్లకు వినబడలేదు, అందరూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు.) "హోటలు గదిలో అగ్గిపుల్ల గీసినా గంట మోగి ఫైరింజను వస్తుంది! అన్నిటికన్నా వింత, ఈ నెలలో ఇక్కడ రాత్రి పదకొండు కావస్తే గానీ సూర్యుడు మునగడు!" బస్సంతా చప్పట్లు. అవ్వ కూడా కొట్టింది. నేను తమాషా చేస్తున్నాననుకుందట.

ఏడింటికి ఒక భారతీయ హోటలు నుంచి పెరుగన్నం తెప్పించి గదిగదికీ పంచాను. కాసేపటికి అవ్వ గదికి పోయి చూద్దును కదా, పొట్లం విప్పలేదు. కిటికీ ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో చిన్న ఇత్తడి దీపం, అందులో వత్తి, కూర్చుని ఉంది.

"ఏమవ్వా, తినలేదా?"

"దీపం పెట్టి తింటానప్పా. పొద్దు మునగనీ."

సంగతి అప్పుడు వెలిగింది నాకు. కాపురానికి వచ్చిన నాటి నుంచి సందెదీపం వెలగకుండా అవ్వ రాత్రి అన్నం ముట్టదని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. సూర్యుడి సంగతీ తెలుసు. రెండూ తెలిసీ ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూసుకోలేదు, అంతే. గదిలో దీపం పెడితే ఫైరింజను వస్తుందన్నది ఇంకో బాధ. కానీ అది చీకటి పడ్డాక కదా, ఆ చీకటేది?

ఎనిమిదయింది. "యాడుండాదప్పా సూర్యుడు?" "ఎదురుగా ఆ చర్చికి ఈ పక్క ఉండాడవ్వా." తొమ్మిదయింది. "ఇప్పుడు?" "ఆ పక్కకు పోయినాడవ్వా." అవ్వ మెటికలు విరిచింది. "వీనికి ఇల్లూ వాకిలీ లేదా ఏమి?"

నేను తెలివి ఉపయోగించి తెర లాగేసి, "చీకటైందవ్వా!" అన్నాను. ఆవిడ తెర అంచు ఎత్తింది. ఎండ వచ్చి నా ముఖం మీద పడింది. "పురుగులను మేపి గూళ్లు కట్టించిన దాన్ని. నా దగ్గరనా నీ ఆటలు?" అంటూ నవ్వబోయింది గానీ, తెర పట్టుకున్న చెయ్యి వణికింది. నుదుటి మీద చెమట కనబడింది. చక్కెర తెచ్చాను, పండ్లరసం తెచ్చాను, కాళ్లు పట్టుకున్నాను. "వద్దప్పా, ఇన్నేండ్లు నిలుపుకున్న మాట" అంది. నాకు నిజంగా భయమేసింది. ఆఫీసు, బీగం, మామ, ఏదీ గుర్తు రాలేదు. దేవుడా, ఈ ముసలమ్మ ఒక్క ముద్ద తింటే చాలనిపించింది.

ఇక తోచక చింతామణిలో ఉన్న ఆవిడ కోడలికి ఫోను చేసి, స్పీకరు పెట్టి అవ్వ చేతికిచ్చాను. అక్కడ అర్ధరాత్రి. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"అత్తా! ఏమైంది?"

"ఏం లేదమ్మా. దీపం పెట్టల్ల, ఈడ పొద్దు మునగలేదు."

"ఏం దీపమత్తా? ఇంట్లో దీపం నేను ఎప్పుడో పెట్టినా. నూనె అయిపోయి అది గూడా పండుకునిండాది!"

అవ్వ ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుంది. "పెట్టినావా?"

"పెట్టకపోతే నన్ను వదుల్తారా మీరు?"

అవ్వ ఫోను నా చేతికిచ్చి, ఇత్తడి దీపాన్ని సంచిలో పెట్టేసింది. "అన్నం తేప్పా. మా ఇంట్లో దీపం వెలిగినాక ఈ ఊరి సూర్యునితో నాకేం పని?"

ఫెళఫెళా కాస్తున్న ఎండలో ఆవిడ పెరుగన్నం తింటుంటే నేను నేల మీద చతికిలబడి ఒక్కో ముద్దా చూస్తూ కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఊరగాయ ఘాటు అని చెప్పాను.)

మరునాడు మేము ట్రాములో ఉండగా సాయంత్రం నాలుగు దాటింది. అవ్వ ఫోను మోగింది. వీడియోలో చింతామణి ఇల్లు, దేవుడి గూడు, వెలుగుతున్న దీపం. "పెట్టినారు. అన్నం పెట్టు" అంది అవ్వ నాతో. "మా ఇంట్లో గూడా పెట్టినారంట" అంది ఇంకో అమ్మ. అప్పటినుంచి మా బృందమంతా హెల్సింకీలో ఉంటూ చింతామణి పొద్దుకు బతికింది. నాలుగున్నరకు రాత్రి భోజనం, ఏడింటికి నిద్ర, తెల్లవారుజాము రెండింటికే స్నానాలు, ఆ పైన సుప్రభాతాలు. మాటల పొదుపుకు పేరుబడ్డ ఆ దేశంలో హోటలు అమ్మాయి తనంతట తానే నోరు విప్పి, "మీవాళ్లకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. "బాగానే ఉన్నారమ్మా. ఇంకా మా ఊళ్లోనే ఉన్నారు" అన్నాను.

తిరిగి వచ్చాక అవ్వ తీర్పు ఊరంతా పాకింది. "నీళ్లు బాగుండాయి. జనం నెమ్మదస్తులు. సూర్యునికే బుద్ధి లేదు. పోయి రాండి." తర్వాతి యాత్రకు సీట్లు చాలలేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు నాది. నా తలా నెరుస్తోంది. అవ్వ లేదు. మైకు పట్టుకుంటే వింతలు చెప్పకుండా ఉండలేను గానీ, బయలుదేరే ముందే పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ అడుగుతాను: "ఇంట్లో దీపం ఎవరు పెడతారమ్మా?" కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నేనూ వాళ్ల వయసులో అన్నీ తెలిసినవాణ్ణే.

మొన్న మళ్లీ హెల్సింకీలోనే, ఆ చర్చి ముందు నిలబడి సూర్యుడి కథ చెబుతుండగా ఫోను మోగింది. అవ్వ కోడలు. నేను దేశం దాటితే ఆమె ఈ వేళకు ఫోను చేయకుండా ఉండదు. "దీపం పెట్టినానప్పా. తిన్నావా?" అంది. "తింటాండా తల్లీ" అని అబద్ధమాడి, అది అబద్ధం కాకుండా మైకు పక్కన పెట్టేసి, ఆ ఎండలోనే మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి కరకరలాడే నిప్పట్ల పొట్లం విప్పాను.