మామగారి కారు స్పీకరు

మా పై అంతస్తు కుర్రాడు పాత కారులోంచి తీసిన స్పీకర్లను ఇంట్లో స్టీరియోకి తగిలించుకున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. ఆదివారం నుంచి నా గోడలు అదురుతున్నాయి. కోపం రావలసింది ఆ కుర్రాడి మీద. నాకు మాత్రం ఎప్పుడో పోయిన మా మామగారి మీద వచ్చింది.

నేను నరసరావుపేటలో ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికే ఆయన కారు గొడ్లచావిట్లో చచ్చి పడి ఉంది. మాచర్ల రోడ్డులో రాయికి కొట్టి ఇంజను పగలగొట్టింది ఆయనే, తప్పంతా రాయిదేనని ఊరంతా చెప్పుకుంది కూడా ఆయనే. రోజూ పొద్దున్నే గేదెల పక్కన ఆ కదలని కారులో కూర్చుని దర్జాగా పేపరు చదివేవారు. పొలం తాతగారు ఇచ్చింది, చాకిరీ పాలేళ్లది. ఆయన సొంతంగా సంపాదించుకున్నది గొంతు ఒక్కటే. సత్తెనపల్లి నుంచి బంధువులు భోజనానికి వస్తున్నారని తెలిసి, వాళ్లు వీధి మలుపు తిరిగేసరికే మా రేడియో వినపడాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కారు స్పీకరు ఊడదీసి హాల్లోని వాల్వు రేడియోకి కలపాలన్నారు.

ఆ రేడియోలోనే మా అత్తయ్య ప్రాణమంతా ఉంది. ఆవిడ తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. అవి చైనాతో యుద్ధం జరుగుతున్న రోజులు, మూడు వారాలుగా ఉత్తరం లేదు. మధ్యాహ్నం వార్తలప్పుడు ఆవిడ రేడియో ముందు చేతులు కట్టుకుని నిలబడేది. అందులో ఒక సిపాయి పేరు చెప్పరని ఆవిడకూ తెలుసు.

చర్చి వెనక వీధిలో ఉండే రేడియో మెకానిక్‌ను పిలిపించి, వాకిట్లోనే నిలబెట్టి అడిగారు మామగారు. అతను రేడియో వెనక్కి తొంగి చూసి, "పెట్టుకోవచ్చండయ్యా. కాకపోతే పాత స్పీకరుకున్న ఈ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఉండాల. ఇది లేకుండా నేరుగా కలిపితే కొత్త స్పీకరు కాలిపోద్ది, రేడియో కూడా పోద్ది," అన్నాడు.

"కారెక్కని మొహానివి, కారు స్పీకరు సంగతి నాకు చెప్తావంట్రా? పోరా!"

అతను వెళ్లిపోయాడు. మామగారు పాత స్పీకరును ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా పీకి పక్కన పడేసి, తీగలు నేరుగా కలిపారు. పని తెమిలేసరికి ఆలస్యమై, బంధువులు చెప్పులు విడుస్తుండగా స్విచ్ వేశారు. ఒక్క గురక వినిపించింది, తర్వాత పొగ. రబ్బరు కాలిన కంపుకి పులిహోర కూడా ఎవరికీ సయించలేదు. "వాడి నోరు మంచిది కాదు," అని తేల్చేశారాయన. ఇక ఆ మెకానిక్ మా గడప తొక్కకూడదట.

మర్నాడు వార్తల వేళకి అత్తయ్య కొంగు సర్దుకుని, "పదవే అమ్మాయ్," అంది. మొగుణ్ణి అడక్కుండా ఆవిడ వీధి దాటడం నేనెరిగి అదే మొదలు. వార్తలు వినడానికి నేరుగా ఆ మెకానిక్ ఇంటికే వెళ్లాం. అతని భార్య బడిలో టీచరమ్మ. "కూచోండమ్మా," అని మంచం మీద దుప్పటి పరిచి మంచినీళ్లిచ్చింది. ఆ ఇంట్లో నీళ్లు తాగామని తెలిస్తే మామగారు ఏమంటారో నాకు తెలుసు. అత్తయ్య గ్లాసు ఖాళీ చేసింది.

వార్తలు సగంలో ఉండగా ఆయన వీధిలోకి వచ్చి కేకలు మొదలుపెట్టారు. అత్తయ్య గుమ్మంలోకి వెళ్లి, "వార్తలొస్తన్నయ్యి, అరవమాకండి," అంది. గొంతు పెంచలేదు. అంత గొంతున్న మనిషీ వార్తలయ్యేదాకా వీధిలోనే నిలబడ్డాడు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. తమ్ముడు మంచుకి కాలివేళ్లు పోగొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. అత్తయ్య ఏడ్చి, మొహం కడుక్కుని, మెకానిక్‌ను తనే పిలుచుకొచ్చి హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అతను ఒక పూటలో రేడియోని పలికించాడు. సాయంత్రానికల్లా మామగారు వచ్చినవాళ్లకల్లా దాన్ని తానే బాగుచేశానని చెప్పుకోసాగారు.

ఏళ్లు గడిచేకొద్దీ పోయినవాళ్ల తప్పులు చిన్నవైపోతాయని అందరూ అంటారు. అరవై ఏళ్లు చూశాను. ఆయనవి చిన్నవి కాలేదు, ఆయనే చిన్నవారైపోయారు.