తోడు లేకుండా కదలని లాప్‌టాప్

జగన్నాథరావుకి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడుం పీల్చే అలవాటైనా లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, అప్‌గ్రేడు. లాప్‌టాప్ కొన్న మూడో నెల నుంచీ దానికి ర్యామ్ పెంచాలి, డిస్కు మార్చాలి, బ్యాటరీ కొత్తది వెయ్యాలి అని ఒకటే కలవరింత.

"మగాడన్నాక ఏదో ఒక వ్యసనం ఉంటుంది కదండీ. మా ఆయనకి ర్యామ్ ఉంది" అని ఆయన భార్య గాయత్రి స్టాఫ్ రూములో చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేసేది. నవ్వక ఏం చేస్తుంది? ఆ లాప్‌టాప్ కొనమని పోరింది తనే మరి!

ఆయన అరకులోయలో కాఫీ తోటల ఆఫీసరు. ఆవిడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. రెండువేల ఏడులో, రిపోర్టులు టైపు చేయించుకోవడానికి ఆయన ఇంటర్నెట్ సెంటరువాడి గుమ్మంలో పడిగాపులు పడుతుంటే గాయత్రి ప్రాణం ఉసూరుమంది. "ఒకటి మనమే కొనుక్కుంటే పోలేదా?" అంది. విశాఖపట్నంలో షాపువాడు మరీ ఖరీదైనదీ, మరీ చవకదీ పక్కన పెట్టి, "ఇది మధ్యరకం సార్, మీలాంటివాళ్ళకి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. ఆ మాట పొగడ్తో తిట్టో మొగుడూ పెళ్ళాలకి ఇప్పటికీ తేలలేదు.

ఇక చూడండి దాని వైభోగం. పొద్దున్నే జగన్నాథరావు బొత్తాం నొక్కి, పళ్ళు తోముకుని, పాలు కాచి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చేసరికి తెర మీద బొమ్మ సగం వచ్చి ఉండేది. శీతాకాలం మంచుకి దానికి జలుబు చేస్తుందని తన మఫ్లరు తీసి చుట్టేవాడు. వేసవిలో వేడెక్కుతోందని కాఫీ గింజలు జల్లించే జల్లెడ బోర్లించి దాని మీద కూచోబెట్టేవాడు. వానాకాలం చెమ్మ తగలకుండా ఎక్కడ దాచాడో గాయత్రికి తెలీదు. ఓ రోజు అన్నం వండుదామని బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే లోపల కీబోర్డు తగిలి, పామనుకుని కెవ్వున అరిచింది. పాము గట్టిగా ఉండదని పిల్లలకి పాఠం చెప్పే మనిషి!

"ఏటండీ ఇది? బియ్యంలో దీన్ని పెడతారా ఎవరైనా?"

"చెమ్మ పీల్చేస్తుంది గాయత్రీ. నాకూ దానికీ ఒకటే జాతకం. ఇద్దరం మధ్యరకం. ఊరికే వేడెక్కుతాం, బుస్సుమని చప్పుడు చేస్తాం, పని మాత్రం కాదు. ఒక్క అప్‌గ్రేడు పడితే ఇద్దరం బాగుపడతాం."

ఆ అప్‌గ్రేడుకి పట్నం వెళ్ళాలి. వెళ్ళడానికి కిరండోల్ పాసింజరుంది. కానీ లాప్‌టాప్ ఒంటరిగా వెళ్ళదు, దానికి తోడు కావాలి. రైలు కుదుపులకి డిస్కు దెబ్బతింటుంది కాబట్టి ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి.

"మీ ఒళ్ళో పెట్టుకోండి."

"పొట్ట అడ్డమొస్తుంది కదా" అనేవాడు జగన్నాథరావు, దాన్ని ఆప్యాయంగా నిమురుతూ. పొట్టనే, లాప్‌టాప్‌ని కాదు.

ఆ కొండల్లో తోడు రమ్మంటే రానన్న మనిషి లేడు. తన పనికి గడప దాటమంటే సవాలక్ష అడ్డంకులు చెప్పేవాడు కూడా, పక్కవాడు "తోడు రావా" అంటే తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరతాడు. రానంటే ఊళ్ళో తలెత్తుకోలేడు. జగన్నాథరావు ఆ మంచితనాన్ని సిగ్గులేకుండా వాడుకుంటున్నాడని గాయత్రి బాధ.

మొదటిసారి ఆఫీసు అటెండరు భీముడు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బుగ్గ బూరెలా వాచి ఉంది. వచ్చేటప్పుడు వాపు లేదు, పన్నూ లేదు.

"పన్నేదిరా?" అంది గాయత్రి.

"రైలు కుదుపుకి ఊడిపోయింది" అన్నాడు జగన్నాథరావు, భీముడు నోరు తెరిచేలోపే.

రెండోసారి కాఫీ తోటలో పనిచేసే మంగ్లు వెళ్ళాడు. ఆకుపసరు కట్టుతో కుంటుకుంటూ రైలెక్కినవాడు, మోకాలిదాకా సిమెంటు కట్టుతో దిగాడు. ప్లాట్‌ఫారం మీద జారాడట! గాయత్రికి ఒళ్ళు మండిపోయింది.

"మీ ర్యామ్ కోసం ఒకడి పన్ను పోయింది, ఒకడి కాలు పోయింది. ఇంకెవరి అవయవం మీద పడింది మీ కన్ను?"

జగన్నాథరావు తప్పు చేసిన గుంటడిలా తల గోక్కున్నాడు.

గాయత్రి విసుక్కోవడానికి వేరే కారణం కూడా ఉంది. హాస్టల్లో వంట చేసే దేముడమ్మకి కళ్ళు పోతున్నాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కూరలో ఉప్పు వేసిన సంగతి కనబడక మళ్ళీ వేసేది. సొంత తోటలో ఎర్ర పళ్ళతో పాటు పచ్చి కాఫీ కాయలు కూడా దూసేస్తే వ్యాపారి బుట్ట బుట్టంతా వెనక్కి పంపేశాడు. పిల్లల ముందు నవ్వేసేది గానీ, పొయ్యి దగ్గర ఒక్కతే కూచుని కళ్ళు నులుముకోవడం గాయత్రి చూసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఇంకా ముదరనిస్తే ఆపరేషను చేసినా చూపు రాకపోవచ్చని తేల్చి చెప్పాడు. దేముడమ్మ వినదు.

గాయత్రి ఊరుకుంటుందా? కంటి చార్టు పట్టుకెళ్ళి గోడకి తగిలించింది. ప్లాస్టిక్ కన్ను తెచ్చి ముక్కలు ముక్కలుగా విప్పి చూపించింది. "ఇదిగో దేముడమ్మా, ఈ కటకాన్ని ఇలా తీసేస్తారు" అనేసరికి ఆ బిళ్ళ జారి పప్పు గుండిగలో పడింది.

"సూసేవా టీచరమ్మా! నీ సేతిలోదే పడిపోనాది. ఆ డాట్రు సేతిలో నా గుడ్డు పడిపోతే ఏటి సేత్తాను?" అంది దేముడమ్మ. "నాను రాను. ఉన్నకాడికి సాలు."

ఆ పూట పిల్లలు పప్పుతో పాటు కటకాన్ని కూడా వెతుక్కుంటూ తిన్నారు. గాయత్రి మాత్రం ఇంటికొచ్చి పంటి కింద లవంగం పెట్టుకుని, "ఎంత చదువుకోకపోతే మాత్రం అంత భయమేమిటండీ!" అని ఆపకుండా వాపోయింది. ఆ లవంగం కథ వేరే ఉంది. ఆవిడకి కుడివైపు దవడ పన్ను పుచ్చి ఏడాదయింది. పళ్ళ డాక్టరు మాటెత్తితే చాలు, నొప్పి తగ్గిపోయిందనేది.

"ఆ మనిషి గుడ్డిదైపోతోంది. ఏం చేద్దామండీ?"

జగన్నాథరావు తెర మీంచి తలెత్తలేదు. "ఈసారి ర్యామ్ రెండు జీబీ చేయించేద్దాం గాయత్రీ."

లవంగం ఉమ్మేసి మరీ తిట్టింది ఆవిడ.

మర్నాడు హాస్టలు వంటగదిలో గాయత్రి చూసిన దృశ్యం ఇది. పొయ్యి ముందు దేముడమ్మ. ఎదురుగా పీట మీద జగన్నాథరావు, ఒళ్ళో లాప్‌టాప్ సంచీ.

"దేముడమ్మా, నాకు తోడు రావాలే."

"నానా? ఏటి బావూ, నీకు ఇంకెవులూ దొరకలేదేటి? నాకు సూపే సరిగ్గా ఆనదు కదా!"

"చూపెందుకు? ఒడి ఉంటే చాలు. భీముడు రానంటున్నాడు, వాడికింకా పళ్ళున్నాయి కదా, భయం. మంగ్లు కాలింకా నయం కాలేదు. నువ్వూ కాదంటే నేనొక్కణ్ణే పోవాలి."

దేముడమ్మ పొయ్యిలోకి ఊదింది, ఆలోచించింది, ఇంకోసారి ఊదింది. "తోడంటే ఎలగ కాదంటాను బావూ? పద. బేగి వచ్చీయాల మరి."

గాయత్రికి నోట మాట రాలేదు. ఇంటికి వచ్చాక మాత్రం వరదలా వచ్చింది. "కళ్ళు కనబడని ముసలిదాని చేత లాప్‌టాప్ మోయిస్తారా? పన్నయింది, కాలయింది, ఇప్పుడు కళ్ళా?"

"నిదానంగా తీసుకెళ్తాలే" అన్నాడాయన, చొక్కా మడతపెట్టుకుంటూ.

వెళ్ళిన మర్నాడు ఫోను. "పార్టు దొరకలేదు గాయత్రీ. ఇంకో రెండు రోజులు పడుతుంది. మా చెల్లాయి ఇంట్లోనే ఉన్నాం." అంతే, పెట్టేశాడు. గాయత్రి ఆ రెండు రోజులూ హాస్టల్లో తనే వంట చేసింది. ఉప్పు రెండుసార్లు వేసింది, కళ్ళు బాగానే ఉండి కూడా.

రైలొచ్చే వేళకి స్టేషనుకి వెళ్ళింది. ముందు సంచీ దిగింది, తర్వాత దాన్ని చంటిపిల్లలా పొదువుకుని దేముడమ్మ. ముఖం మీద ఇంత పెద్ద నల్ల కళ్ళద్దాలు!

"అయ్యో దేముడమ్మా! ఏమైంది నీ కళ్ళకి?"

దేముడమ్మ దగ్గరకొచ్చింది. అద్దాలు కొంచెం ఎత్తి, ఒక కన్ను చికిలించి గాయత్రిని పైనుంచి కిందిదాకా పరీక్షగా చూసింది.

"టీచరమ్మా! నీ తల అంతలా నెరిసిపోనాదేటి!"

ఏడవాలో నవ్వాలో తెలీక గాయత్రి రెండూ చేసింది. టీ తాగే బెంచీ మీద కూచోబెట్టి సంగతేమిటని అడిగితే, దేముడమ్మ జగన్నాథరావు వైపు జాలిగా చూసింది.

"మీ ఆయన ఒట్టి పిరికోడమ్మా. దుకాణం మూసీసి ఉందన్నాడు. దీన్ని సూసి సూసి కళ్ళు మండిపోతన్నాయి, కంటి ఆసుపత్రికెల్తాను, నాకు బయ్యిం, తోడు రా అన్నాడు. తోడొచ్చినదాన్ని మద్దిలో ఎలగ ఒగ్గీసి పోతాను? ఎల్లేను. ఆ నర్సు గుంట కంట్లో ఒక్క సుక్క ఏసిందమ్మా. ఒక్క సుక్క! ఓలమ్మో, సచ్చిపోతన్నానో అని ఒకటే కేక. ఆసుపత్రంతా తిరిగి సూసింది. కుర్సీ దిగి నా ఎనకాల దాక్కున్నాడు!"

జగన్నాథరావు టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"నాకు సిగ్గేసిపోనాది. మా ఊరు పరువు పోతాదని, 'తప్పుకో బావూ, ఎలగ కూసోవాలో సూడు' అని నానే కుర్సీ ఎక్కీసినాను. ఆ డాట్రు నా కంట్లోకి దీపమేసి, ఆపరేసను సేసీవొచ్చన్నాడు. మీ ఆయనేమో పక్కన నిలబడి, 'వద్దు దేముడమ్మా, నీవల్ల కాదు, దిగిపోదాం' అంటన్నాడు. అలగన్నాక దిగిపోతానేటి నాను?"

దేముడమ్మ చుట్టూ చూసింది. స్టేషను వెనక కొండ మీద కాఫీ తోట వైపు చాలాసేపు చూసింది. "పళ్ళు ఎర్రగా ఉన్నాయి బావూ" అంది నెమ్మదిగా. మళ్ళీ వెంటనే గొంతు పెంచింది. "రెండో కంటికి మల్లీ ఎప్పుడెల్దాం? నువ్వు మాత్రం కేకలెయ్యకూడదు!"

సాయంత్రం గాయత్రి లాప్‌టాప్ బొత్తాం నొక్కింది. పాలు కాచింది, కాఫీ తాగింది, గ్లాసు కడిగింది. అప్పుడొచ్చింది సగం బొమ్మ. లోపలికి వెళ్ళి వివరాలు చూసింది. కొన్ననాడు ఎంత ర్యామ్ ఉందో ఇప్పుడూ అంతే. అడుగున షాపువాడు అంటించిన స్టికరు కూడా చెక్కు చెదరలేదు.

"ఇన్ని అప్‌గ్రేడుల్లో ఒక్కటీ చేయించలేదా మీరు?"

"మొదటిసారి నిజంగా చేయిద్దామనే వెళ్ళాను" అన్నాడు జగన్నాథరావు. "టైడా స్టేషను దాటేసరికి భీముడు దవడ పట్టుకుని ఒకటే మూలుగు. దిగగానే ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈలోగా షాపు మూసేశారు. అప్పుడు తట్టింది. వాడికి నెల రోజుల్నుంచీ చెప్తున్నా, ఆసుపత్రికంటే కదల్లేదు. నా పనికి తోడనేసరికి వచ్చేశాడు."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే నువ్వు చార్టు తెస్తావు."

గాయత్రి నవ్వాపుకోలేకపోయింది. తన చదువు, తన చార్టు, తన ప్లాస్టిక్ కన్ను అన్నీ కలిసి చెయ్యలేని పనిని ఈ మధ్యరకం మనిషి ఒక్క కేకతో చేసేశాడు. ఈ మనిషి నా మొగుడు, నాకే తెలీలేదు, ముందు నా తలకాయకి వేయించాలి కొత్త ర్యామ్ అనుకుంది. ఆయన మీద ప్రేమ పొంగి, దాంతోపాటు పన్ను కూడా జివ్వుమంటే, లవంగం కోసం లేచింది.

రెండు వారాలు గడిచాయి. ఓ ఆదివారం జగన్నాథరావు లాప్‌టాప్ సంచీ జిప్పు లాగుతూ, ఎటో చూస్తూ అన్నాడు.

"డిస్కు మార్చాలి గాయత్రీ. దేముడమ్మ రెండో కంటికి ఇంకా వ్యవధి ఉందట. భీముడు ఊళ్ళో లేడు. తోడు ఎవరూ దొరకడం లేదు."

గాయత్రి నోట్లో లవంగం అలాగే ఆగిపోయింది. ఆయన వైపు చూసింది. సంచీ వైపు చూసింది. నొప్పి తగ్గిపోయిందని అనబోయింది. కానీ ఇన్నేళ్ళు ఆ కొండల్లో కాపురం చేసిన మనిషి, తోడు రమ్మంటే రానని ఏ ముఖం పెట్టుకుని అంటుంది?

రైలు బొర్రా సొరంగాలు దాటింది. గాయత్రి సంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూచుంది.

"కుదుపులు ఎక్కువగా ఉన్నాయి" అన్నాడు జగన్నాథరావు కిటికీలోంచి చూస్తూ. "ఏదైనా ఊడితే నా పూచీ లేదు."

"మీరు పక్కనే ఉండి కేకలేస్తారా?"

"నీకంటే గట్టిగా."

టైడా వచ్చేసరికి ఆవిడకి అనుమానమొచ్చింది. సంచీ మరీ తేలిగ్గా ఉంది. జిప్పు తీసి చూసింది. ఆయన లుంగీ, తన చీరలు రెండు, మీద ఒక లవంగాల పొట్లం.

"లాప్‌టాప్ ఏదండీ?"

"బియ్యం డ్రమ్ములో ఉంది" అన్నాడు జగన్నాథరావు. "రైలు కుదుపులకి పాడైపోదూ?"