గుండె జబ్బని చెప్పుకున్న మా తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడన్న కబురు నాకంటే ముందు మేముండే క్యాంప్ 1 బస్తీలో పదిమందికి తెలిసింది. ఆ పూట నేను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాను. బయటికొస్తుంటే గేటు దగ్గర కాపలా భయ్యా నా చెయ్యి పట్టుకుని, "భాయీసాబ్ నహీ రహే" అన్నాడు, మీ అన్నగారు ఇక లేరని. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కడుపు మండింది. వీడిదాకా వచ్చిన కబురు నాదాకా ఎందుకు రాలేదని. ఆయన విషయంలో నాకు అన్నిటికన్నా ముందు పుట్టేది అసూయే. పోయినరోజు కూడా అది మానలేదు.

మేమిద్దరం అక్కాచెల్లెళ్లను చేసుకున్నాం. ఆయన పెద్దల్లుడు, ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో పర్మనెంటు ఉద్యోగి, రిసాలిలో కంపెనీ క్వార్టరు. నేను చిన్నల్లుణ్ని, కాంట్రాక్టు ఫిట్టర్ని, క్యాంపులో రెండు గదుల అద్దె ఇల్లు. క్రిస్మస్‌కి మా అత్తగారు ఇద్దరికీ చొక్కా గుడ్డలు పెట్టేది. ఆయనకు తెల్లనిది. నాకు బూడిద రంగుది, "పనిలో మాసినా కనపడదు నాయనా" అంటూ. పెళ్లయిన దగ్గర్నుంచీ నాది బూడిద రంగే. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే పాస్టరుగారు కళ్లు మూసుకునేవారు. నేను ఎత్తుకుంటే పుస్తకంలో పేజీ వెతుక్కునేవారు.

పోనీ మనిషి చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. మా ఇంటికొస్తే స్కూటరు హారన్ కొట్టేవాడు కాదు, గుమ్మం బయట నిలబడి చిన్నగా దగ్గేవాడు. ఏ పని పట్టినా "ముందు బోల్టు బిగించు తమ్ముడూ, కబుర్లు తర్వాత" అనేవాడు.

మేముండే ఈ హిందీ ప్రాంతం విడిపోయి కొత్త రాష్ట్రం అయ్యాక మొదటి ఎండాకాలం అది. ఏటా మే నెలలో ఆయన క్వార్టర్లో కూలరుకి పాత గడ్డి తీసి కొత్త గడ్డి కట్టడం మా ఇద్దరి పని. చొక్కాలు విప్పేసి బనియన్లతో పనిలో పడ్డాం. ఆయన బనియను మీద ఎడమవైపు, సరిగ్గా చనుమొన దగ్గర, పావలా బిళ్లంత తడి మరక కనిపించింది. చుట్టూ చెమటే, కానీ అది చెమట రంగు కాదు. కింద చిన్న ఉబ్బు కూడా ఉంది. నేను చూశాను. ఆ ఉదయమే మా అత్తగారు ఆయన్ని నా ముందు తెగ పొగిడింది, ఆ మంట ఇంకా ఆరలేదు.

"ఏటన్నయ్యా, పాలు గానీ ఒస్తన్నాయేటి?" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. వదిన పళ్లెంలో మామిడి ముక్కలతో వస్తూ నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు, ఆ ఎండలో. ఆ తర్వాత ఆయన్ని బనియనుతో నేను చూడలేదు. మిల్లులో షిఫ్టు దిగాక అందరితో కలిసి చేసే స్నానం కూడా మానేశాడట. పెద్ద దొర అయిపోయాడని నేనే నలుగురికీ చెప్పాను.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం పాస్టరుగారు లేచి, మా తోడల్లుడికి గుండె జబ్బు, ఆపరేషను ఉంది, ప్రార్థించండి అన్నారు. చర్చి అంతా మూడు వారాలు ఉపవాస ప్రార్థనలు చేసింది. నాకు అపెండిక్స్ కోసినప్పుడు "మరియు ఇతర రోగులు" అన్న మాటలో కలిపేశారు. మోకాళ్ల మీద కూర్చుని ఆ లెక్క వేసుకున్న మనిషిని నేను.

ఆపరేషనయ్యాక ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మా చర్చిలో మేలు పొందినవాళ్లు నిలబడి నలుగురికీ చెప్పడం ఆనవాయితీ. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఎడమవైపు చదునైపోయిందని తెలియకుండా జేబులో మడతపెట్టిన రుమాలు కుక్కుకున్నాడు.

"మీరంతా నా గుండె కోసం పార్దన సేసారు. నా గుండెకేటీ అవనేదు. సిగ్గేసి అబద్దం సెప్పించాను. నాకొచ్చింది రొమ్ము క్యాన్సరు."

ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆయన ఆగలేదు.

"మగోళ్లకి అరుదుగా ఒస్తాదంట. గడ్డ తగిలినా, తడి కనపడినా దాసుకోకండి. తొందరగా ఎల్తే బాగైపోయినోళ్లు సేనామందున్నారని డాక్టరుగారు సెప్పారు. మగోళ్ల రోగం మొండిది కాదంట, మగోళ్లే మొండోళ్లు, ఆలీసంగా ఒస్తారంట." అప్పుడు నావైపు చూశాడు. "మా తమ్ముడు ఏడాది ముందే సూసి అడిగాడు. నేనే ఇన్నేదు."

చర్చి అంతా నావైపు తిరిగింది. పాస్టరుగారు నా పేరు పెట్టి దేవుణ్ని స్తుతించారు. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది అదే. దక్కినప్పుడు తల ఎత్తలేకపోయాను.

బయట స్కూటరు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "అలగెందుకు సెప్పావన్నయ్యా?"

"అడిగావు కదరా. నవ్వుతా అడిగావు, అంతే" అని స్కూటరు స్టార్టు చేశాడు.

ఆ సాక్ష్యం విన్నవాళ్లలో మా వీధి ఎలక్ట్రీషియను ఒకడు మర్నాడే ఆసుపత్రికి వెళ్లాడు. గడ్డ చిన్నగా ఉండగానే తీశారు. ఇప్పటికీ డ్యూటీ చేస్తున్నాడు. మొన్న శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. మా తోడల్లుడు నాలుగేళ్లు మాత్రలు మింగుతూ పాటలు పాడాడు. తర్వాత అది ఎముకలకు పాకింది. ఆ ఏడాది ఆలస్యం లేకపోతే ఏమయ్యేదో ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

సమాధి చేసి వచ్చాక వదిన బీరువా తెరిచి ఆ తెల్ల చొక్కా నా చేతిలో పెట్టింది.

"ఉంచుకో నాయనా. నువ్వు అప్పుడే సెప్పావు, ఆయనే ఇన్నేదు" అంది.

ఆవిడకి నిజం చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను హెచ్చరించలేదు వదినా. ఎకసెక్కం చేశాను.

ఇంటికొచ్చి తలుపేసుకుని చొక్కా తొడుక్కున్నాను. సరిగ్గా నా కొలతకే కుట్టినట్టుంది. ఎడమ జేబులో రుమాలు మడత విప్పకుండా అలాగే ఉంది. దాని కింద నా రొమ్ము నిండుగానే ఉంది. రుమాలు మాత్రం తీయలేకపోయాను.