పసుపు గులాబీ వాసన

నిన్న కుండీలో వేద్దామని చేపల ఎరువు డబ్బా మూత తీస్తే ఆ కంపుకు ముక్కు మూసుకున్నాను. నా చిన్నప్పుడు మణుగూరు బొగ్గుగనుల కాలనీ క్వార్టర్లో అమ్మ పెంచిన పసుపుపచ్చ ఇంగ్లిష్ గులాబీ గుర్తొచ్చింది.

ప్రతి ఆదివారం అమ్మ చేపల పేగులు, పొలుసు ఆ మొక్క మొదట్లో పాతేది. రెండ్రోజులకు మట్టిలో తెల్లటి పురుగులు లుకలుకలాడేవి. ఆ కుళ్లు తాగడం వల్లే పువ్వు చీములా పసుపుపచ్చగా అయిందనుకున్నాను.

తొలి పువ్వు అమ్మ నా జడలో పెడితే, బడికి పోతూ గేటు దగ్గరే మురికి మోరీ కాలువలో పడేశాను. అమ్మ చూసింది.

"ఏందే, గట్ల పారేసినవ్?"

"పురుగులు నా తలలకొస్తయ్ అమ్మా! నీ చేతులు గూడ కంపే!"

అమ్మ తిట్టలేదు. చేతులు వాసన చూసుకుని, మళ్లీ సబ్బుతో కడుక్కుంది. మర్నాటి నుంచి నా జడ పక్కింటి అక్కతో వేయించింది.

అప్పుడు హాయిగానే అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.