చిన్నమ్మ థేటర్‌కు పోయింది

మా చిన్నమ్మ చనిపోయిందన్న వార్త ముందుగా చెప్పవలసింది మా మేనమామకు. ఆమెకు ఆయన ఒక్కడే అన్న. బిలోలి దగ్గర ఊళ్లో ఉంటాడు, చెవులు సరిగా వినపడవు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోన్ చేశాను. "మామా, చిన్నమ్మ థేటర్ల పోయింది" అన్నాను.

"ఏం సినిమకు పోయింది బిడ్డా?" అన్నాడు మామ.

నాకు నవ్వొచ్చింది. సిగ్గులేకుండా వచ్చింది. అటువైపు మామ కూడా నవ్వుతున్నాడు, ఈ వయసులో చెల్లెలికి సినిమా సరదా ఏమిటని. ఆ నవ్వును ఆపవలసింది నేనే. రెండోసారి చెప్పినా అర్థం కాలేదు. చివరికి "సచ్చిపోయింది మామా" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మామ నవ్వు ఆగిపోయింది. తర్వాత, "నిన్న ఫోన్ల మంచిగనే మాట్లాడింది గద" అని, నా జవాబు వినకుండానే పెట్టేశాడు.

మామ చెవులను ఏమనగలను? పోయింది అంటే వెళ్లిందనీ అర్థమే, చచ్చిపోయిందనీ అర్థమే. ఇక థేటర్ అన్న మాటతో మా కుటుంబం పడ్డ తిప్పలు ఈనాటివి కావు.

చిన్నమ్మ నాందేడ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ థేటర్ సిస్టర్. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. మా అమ్మకు చెల్లెలు, మాతోనే ఉండేది; అమ్మ కన్నుమూశాక ఇంట్లో మేమిద్దరమే. ముందున్న ఆపరేషన్ అన్న మాటను మా ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు, నోటికి బరువని. గేటు దగ్గర ఎవరు నిలబడి చిన్నమ్మ ఏదని అడిగినా, అమ్మ వంటింట్లోంచే "థేటర్‌కు పోయింది" అనేది. నేను కూడా మాటలు నేర్చుకునే వయసులోనే ఆ జవాబు నేర్చుకున్నానట.

ఊళ్లో మామ మరీ ఘనంగా, మా చెల్లె నాందేడ్ థేటర్ల పనిచేస్తదని చెప్పుకున్నాడు. ఇంకేముంది, ఊరివాళ్లు నాందేడ్ బజారుకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, మెల్లగా సినిమా పాసులు అడిగేవాళ్లు. ఆమె ఎంత చెప్పినా నమ్మేవాళ్లు కాదు. పిసినారిదని పేరు కూడా వచ్చింది. నాయ్‌గావ్ వైపు నుంచి వచ్చిన సంబంధం కూడా ఇలాగే తప్పిపోయింది. పెళ్లివారు ముందుగా చెప్పకుండా నాందేడ్ వచ్చి, ఒక సినిమా హాలులో టికెట్లిచ్చే కిటికీ దగ్గర పిల్ల కోసం వెతికి, కనపడకపోతే మ్యాట్నీ చూసి, ఊరికి పోయి వద్దని కబురు పంపారు. ఈ కథ చెప్పినప్పుడల్లా చిన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వేది. సినిమా ఎట్లున్నదో అదన్నా చెప్పి పంపలేదని ఆమె ఫిర్యాదు. ఆ తర్వాత వచ్చిన సంబంధాలను ఆమే వద్దంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడో థేటర్ నాది. నేను కాలేజీలో మరాఠీ పాఠం చెబుతాను, పిల్లల చేత నాటకాలు వేయిస్తాను. నాట్యగృహమనే నాటకాల హాలులో మా నాటకం ఉన్న రోజున చిన్నమ్మ తప్పకుండా వచ్చి, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చునేది. దీపాలు వేసేవాడు, వేషాలు కట్టేవాడు, లోపల ఒకరి మాటకు అందరూ కదలడం, ఇవన్నీ ఆమెకు బాగా నచ్చేవి. అచ్చం మా దాని లెక్కనే ఉన్నదే అనేది. ఒకసారి మాత్రం, నాటకం అయిపోయి పాత్రధారులంతా వరసగా నిలబడ్డప్పుడు, నా చెవిలో చెప్పింది.

"మీ థేటర్ల సచ్చినోడు లేసి దండం పెడ్తడు. మా దాంట్ల గట్ల లేవడు."

వేళాకోళానికి అన్నదనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు పొద్దున వాళ్ల థేటర్‌లో ఎవరైనా పోయారేమో నాకు తెలియదు. ఆసుపత్రి కబుర్లు ఇంటికి తెచ్చేది కాదు.

తెచ్చిన ఒకటి రెండింటిలో బాబ్లీ ఊరి రైతు సంగతి ఒకటి. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఆ ముసలాయన కొడుకును పేగు పగిలి తీసుకొచ్చారు. తండ్రి మందుల దుకాణానికి పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పక్క మంచం వాళ్లు నీ కొడుకును థేటర్‌కు తీసుకపోయిండ్రని చెప్పారు. ఆయన రోడ్డు మీదికి పరుగెత్తి, దారి అడుగుతూ అడుగుతూ సినిమా హాలుకు చేరాడు. నా కొడుకు లోపల ఉన్నడు, పోనియ్యిండ్రి అని గేటువాడి కాళ్లు పట్టుకున్నాడు. టికెట్ లేకుండా దూరడానికి వేసిన ఎత్తని వాడు నెట్టేశాడు. ఇక్కడ కొడుకు, మత్తు ఇవ్వబోయే ముందు, బాపు ఏడి అని అడుగుతూనే ఉన్నాడు. ఆ పిల్లవాడు బతికాడు. కానీ చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని తిరిగొచ్చిన ఆ ముసలాయన ముఖాన్ని మాత్రం చిన్నమ్మ మరిచిపోలేదు.

అప్పటి నుంచి బయట కూర్చున్నవాళ్ల దగ్గర ఆమె థేటర్ అన్న మాట ఎత్తలేదు. లోపలి గది అనేది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ, చేతులు ఖాళీ అయినప్పుడల్లా తలుపు దగ్గరికి వచ్చి ముఖం చూపించేది. చెప్పేది ఒక్కటే మాట. తెలుగువాళ్లకు పని నడుస్తున్నదని, మరాఠీ వాళ్లకు కామ్ సురూ ఆహే అని, దక్నీ ఉర్దూ వాళ్లకు కామ్ చల్‌రా అని. బాగుందనేది కాదు, బాగాలేదనేది కాదు. ఈమాత్రానికి రావడం ఎందుకని నేనడిగితే, బయటోళ్లకు వార్త కన్నా ముందు మనిషి ముఖం కావాలంది.

ఆ మాట తలుపు దగ్గర నిలబడే చెప్పేది. చెడు వార్త అయితే మాత్రం గడప దాటి వచ్చేది. వచ్చి, వాళ్ల పక్కన, బెంచీ ఉంటే బెంచీ మీద, లేకుంటే నేల మీద కూర్చునేది. అప్పుడే నోరు విప్పేది.

"నిలవడి చెప్పే మాట వేరు, కూసోని చెప్పే మాట వేరు" అని చాలాసార్లు అన్నది నాతో. "నిలవడి చెప్తే, చెప్పి పారిపోతదనుకుంటరే వాళ్లు."

నాటకాల మనిషిని కదా, ఈ ముక్క నేను మా పిల్లలకు పాఠంగా చెప్పాను. రంగస్థలం మీద ఎవరు ఎప్పుడు కూర్చోవాలో చిన్నమ్మ దగ్గర నేర్చుకున్నానని గొప్పలు పోయాను. ఆ పాఠం నా మీదికే వస్తుందని అనుకోలేదు.

ఆ రోజు తెల్లవారగానే ఆమెకు కడుపునొప్పి మొదలైంది. వాము నమిలింది, వేడినీళ్లు తాగింది, పడుకుంది. కాసేపటికి నన్ను పిలిచి, ఆటో పిలువు, పేగు మెలిపడ్డట్టున్నదని తానే చెప్పింది. ఆమె పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లాను. డాక్టర్ కొత్తవాడు, మంచివాడు. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ చేస్తే ప్రమాదం, చేయకుంటే ఆశే లేదు అని నాతో చెబుతుంటే, స్ట్రెచర్ మీద నుంచి చిన్నమ్మ ఆయన్ను గట్టిగా పిలిచింది. దానికేం తెలుసు సార్, నన్నడుగుండ్రి అన్నది మరాఠీలో. ఆయన అడిగాడు. ఆమె సరేనంది.

లోపలికి తీసుకెళ్లేముందు నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎవ్వరన్న వచ్చి ముఖం చూపిస్తరు. చూపియ్యకుంటే తలుపు కొట్టు. సిగ్గువడకు" అన్నది. కాస్త ఆగి, "ఇన్నేండ్లకు పాసు దొరికింది నాకు" అని నవ్వింది.

తలుపు మూసుకుంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది.

నేను ఓపిక లేని మనిషిని. రిహార్సల్‌కు ఎవరైనా కాస్త ఆలస్యంగా వస్తేనే విరుచుకు పడతాను. ఆ బెంచీ మీద నాకు కూర్చోవడం చేతకాలేదు, నిలబడటం చేతకాలేదు. పక్కన ఒకాయన తన భార్య కోసం ఎదురుచూస్తున్నాడు, ఆమె అదే తలుపు లోపల ఇంకో గదిలో ఉంది. ధర్మాబాద్ వైపు మనిషి, తెలుగే. మీకేమన్న చెప్పిండ్రా అక్కా అని అడిగాడు. లేదన్నాను. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ లేదన్నాను, ఈసారి కసిరినట్టుగా. పాపం, తలవంచుకుని కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. ట్రాలీ ఒకటి ఖాళీగా లోపలికి పోయింది. లోపల ఏదో ఇనుప గిన్నె కిందపడ్డ చప్పుడైంది. ఎవరో పరుగెత్తారు. ఆ పరుగు మా చిన్నమ్మ కోసమా, ఆయన భార్య కోసమా? మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని వెంటనే తల తిప్పుకున్నాం. ఆ పరుగు పక్క గదిది కావాలని నేను కోరుకున్నాను. ఆయన కూడా అదే కోరుకున్నాడని నాకు తెలుసు.

ఇన్నేళ్లలో ఈ తలుపుకు అవతల ఏం జరుగుతుందో చిన్నమ్మ నుంచి ఎంతో కొంత విన్నాను. ఇవతల ఎట్లా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. ఆమెకు ఎట్లా తెలిసిందో మరి, అవతలే ఉండి.

తట్టుకోలేక వెళ్లి తలుపు కొట్టాను. మెల్లగా ఒకసారి, గట్టిగా ఇంకోసారి. ఒక చిన్న వయసు సిస్టర్ తలుపు కొంచెం తెరిచింది. ముఖానికున్న మాస్కును కిందికి లాగి, నా కళ్లలోకి చూసింది.

"కామ్ సురూ ఆహే" అన్నది.

ఇంకేమీ అనలేదు. మా చిన్నమ్మ మాటే, ఆ తీరు, ఆ విరుపు కూడా ఆమెదే. ఆ పిల్లకు ఎవరు నేర్పారో, నేర్పినవాళ్లకు ఎవరు నేర్పారో నాకు అడగనక్కర లేకపోయింది. వచ్చి బెంచీ మీద కూర్చుని, పక్కాయనతో, పని నడుస్తున్నదంట తమ్మీ అన్నాను. తన భార్య సంగతి కాకపోయినా ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ పిల్ల మళ్లీ వచ్చింది. గడప మీదే నిలబడింది, అదే మాట చెప్పింది. ఆమె నిలబడినంతసేపు నాకు భయం లేదు. ఆ తర్వాత చాలాసేపు తలుపు కదలలేదు. నేను దీపాన్ని చూడటం మానేసి గడపను చూస్తూ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆ పిల్లే. మాస్కు లేదు. గడప దగ్గర ఆగుతుందని చూశాను. ఆగు అని మనసులో అనుకున్నాను, అక్కడే నిలబడు తల్లీ. ఆమె గడప దాటింది. మా ఇద్దరి వైపూ నడిచి వస్తోంది. పక్కాయన నా చేతి మీద చెయ్యి వేశాడో, నేనే ఆయన చెయ్యి పట్టుకున్నానో గుర్తులేదు.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

కూర్చున్నాక చెప్పిన మాటలేవీ నేను వినలేదు. వినవలసిన అవసరం లేదు. ఆమె మాత్రం చెప్పేసి లేచి పోలేదు. నేను లేచేదాకా కూర్చునే ఉంది. చిన్నమ్మా, నీ పాఠం వృథా పోలేదు.

తర్వాత తెల్ల దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. నా థేటర్ అలవాటు ఎక్కడికి పోతుంది? కాసేపు చూస్తూ నిలబడ్డాను. లేవలేదు. నేనే దండం పెట్టాను.

ఇప్పుడు మళ్లీ మామ సంగతి. ఆయనకు ఫోన్‌లో, అదీ నిలబడి చెప్పాను. పైగా అరిచి చెప్పాను. చిన్నమ్మ ఉండి ఉంటే నన్ను బస్సెక్కించి ఊరికి పంపేది, ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పి రమ్మనేది. మామ సాయంత్రానికి వచ్చాడు, అంతా అయ్యాక ఊరికి వెళ్లిపోయాడు. నా మీద కోపమేమీ లేదు. నాకే నా మీద ఉంది.

నిన్న పొద్దున ఆకుకూరలామె వచ్చింది. నిజామాబాద్ వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి, ఏళ్ల నుంచి మా వీధిలో గంపతో తిరుగుతుంది. ఈమధ్య కూతురి కాన్పుకని ఊరికి పోయి, మొన్ననే తిరిగొచ్చిందట. చిన్నమ్మ కోసం ఒక పుంటికూర కట్ట విడిగా దాచి తెచ్చింది, ఎర్ర కాడలది, చిన్నమ్మకు అదే ఇష్టం. గేటు బయటే గంప దించి కూర్చుని, సిస్టరమ్మ ఏదని అడిగింది.

నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆలోచించేలోపే నోటిలోంచి వచ్చేసింది.

"థేటర్‌కు పోయింది."

"గట్లనా" అని ఆమె మామూలుగా తలూపి, కొంగుతో ముఖం తుడుచుకుంది. పుంటికూర కట్టను తీసి గేటు పక్కన గోడ మీద పెట్టింది. "వచ్చినంక ఇయ్యిండ్రి అక్కా. నీళ్లు చల్లిన, వాడిపోదు" అన్నది.

నేను మెట్లు దిగాను. గేటు తీశాను. ఏం కావాలక్కా అన్నట్టుగా ఆమె తలెత్తి చూసింది. నేను ఆమె గంప పక్కన, నేల మీద కూర్చున్నాను.