లేని కోట

కన్సల్టెన్సీ అన్న మాట వింటేనే ఇయ్యాల్టికీ నా అరికాలి మంట నెత్తికెక్కుతది. ఎక్కనియ్యి. నేనేం దాచుకునేటిది కాదు.

నా బిడ్డ లాత్వియాల చదువుకుంటనని పట్టువట్టింది. ఆ దేశం ఏ దిక్కున్నదో మా ఇంట్ల ఎవ్వలకు తెల్వది. గడ్డిఅన్నారంల బ్లౌజులు కుట్టుకునే నాకు అసలే తెల్వది. సీటొచ్చిన కాలేజీ ఒక చిన్న ఊర్ల ఉన్నది. దాని పేరు నా నోటికి తిరగదు. వీసా ఇంటర్వ్యూల ఆ ఊరి గురించి అడుగుతరని, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీ సారు ఒక కాగితం ఇచ్చిండు. కొండ మీద కోట, పాత చర్చి, సరస్సు. బ్యాచ్ మొత్తానికి గదే కాగితం. ఇంటర్ల కెమిస్ట్రీ బట్టీ పట్టినట్టు పట్టాలె. మన దగ్గర చదువంటే గంతే గదా!

నా బిడ్డ ఊకుంటదా? నేను మిషన్ తొక్కుతుంటే పక్కన కూసోని ఫోన్ల ఆ ఊరి కథంతా చదివింది. కోట ఎన్నడో కూలిందట. రాళ్లన్నీ ఊరోళ్లే ఇండ్లు కట్టుకోను మోసుకపోయిన్రట. ఇప్పుడున్నది గడ్డి దిబ్బ.

"మరి కోట అని ఎందుకంటరే?" అన్న.

"మన పండ్ల మార్కెట్ లెక్కనే అమ్మా. మార్కెట్ ఎత్తేసినా ఆటోవాళ్లు ఇంకా మార్కెట్ అనే అంటలేరా?"

నాకు మంచిగ సమజయ్యింది. అక్కడ కట్టెతో కట్టిన ఇండ్లు ఉన్నయట, ఎర్ర ఇటుకల రైలు స్టేషన్ ఉన్నదట. ఒకప్పుడు రష్యావోళ్లు ఆ స్టేషన్ నుంచే కుటుంబాలకు కుటుంబాలను రైలెక్కించి సైబీరియా చలిలకు తోలిన్రట. బజార్ల యూదుల గుడి ఉన్న జాగల ఇప్పుడు ఒక్క రాయి మిగిలిందట. గది చెప్పుకుంట నా బిడ్డ ఏడ్చింది. నేను మిషన్ ఆపిన.

మరునాడు కన్సల్టెన్సీకి పోయి, "సార్, కోట లేదు, దిబ్బే ఉంది" అని చెప్పింది. సారు కోస్తా దిక్కు మనిషి, మర్యాదగ మాట్లాడుకుంటనే తిడతడు. "చూడమ్మా, నీ తెలివితేటలు ఇక్కడ చూపించకు. కోట అంటే కోటే. నువ్వొక్కదానివి వేరేగా చెప్తే బ్యాచ్ మొత్తం పోతుంది" అన్నడట. తన వల్ల అందరి వీసాలు పోతయేమోనని పిల్ల బుగులు పడ్డది.

ఇంటర్వ్యూల కోట అనే చెప్పింది. ఆఫీసరమ్మ నవ్వి, "కోట లోపల ఏమేం ఉన్నాయి?" అనడిగిందట. లేని కోటల ఏముంటదని చెప్తది? వీసా రాలే.

కుట్టే బట్ట మిషన్ మీదనే ఇడిసిపెట్టి, బిడ్డ చెయ్యి గుంజుకోని కన్సల్టెన్సీకి పోయిన. కొత్త బ్యాచ్ పిల్లలు కూసోని ఉన్నరు. ఉంటే ఉండనియ్యి!

"ఏమయ్యా, నిజం తెలిసిన పిల్లతోని అబద్ధం చెప్పిస్తవా? సిగ్గు శరం ఉన్నదా నీకు?"

"కంగారు పడకండమ్మా, మళ్లీ అప్లై చేద్దాం. కూర్చోండి, కాఫీ తాగుతారా?"

కాఫీ అంట కాఫీ! "చెప్పవే," అన్న నా బిడ్డతోని. "నీకు తెలిసిందంతా చెప్పు. ఎవడు ఆపుతడో నేనూ చూస్త."

మొదలు మెల్లగ చెప్పింది. తర్వాత ఆగలే. దిబ్బ గురించి, ఇండ్ల గురించి, రైలెక్కి పోయినోళ్ల గురించి చెప్పింది. ఇప్పుడన్న తలకాయ దించుకుంటడని సారు మొఖం దిక్కే చూసిన.

ఆయన కంప్యూటర్ కాడున్న అమ్మాయి దిక్కు తిరిగి, "టైప్ చేస్తున్నావా? చాలా బాగుంది. ఆ కోట తీసేసి ఇది పెట్టు" అన్నడు.

కుర్చీలల్ల పిల్లలు అప్పటికే పెన్నులు తీసిన్రు. ముందల కూసున్న పిల్ల తలెత్తి, "అక్కా, జర మెల్లగ చెప్పు, రాసుకుంటున్నం" అన్నది.

నా బిడ్డ నా చెయ్యి గుంజుకోని బయటికి నడిచింది.