పడవ లేని దీవి భాష

నా పెళ్లి ఒక భాష వల్ల చెడిపోయింది. ఆ భాషను ప్రపంచంలో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దాన్ని పుట్టించిన మహానుభావుడు నేనే. కుదురుగా కూర్చుని వినండి. ఇంత తెలివిగా తన సంబంధం చెడగొట్టుకున్నవాడు మా బెళుగుప్ప చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక, ఫోన్ ముందేసుకుని ఆ భాషను తయారు చేశాను. ఇంగ్లీషుకు, జర్మనుకు చెల్లెలి వరస. పేరు దూరిష్. ఉత్తర సముద్రంలో దూర్‌హోల్మ్ అనే దీవిలో మాట్లాడతారన్నమాట. దూర్ అంటే ఎండిపోయినది, హోల్మ్ అంటే దీవి అని పేరుకు పుట్టుక కూడా కల్పించాను. సముద్రం మధ్య దీవి ఎందుకు ఎండిందని మీరు అడగొచ్చు. చేనిలో వరసగా బోర్లు ఎండిపోయినవాడికి ఇంకేం తడుతుంది?

అప్పుడే మా మేనమామ సంబంధం తెచ్చాడు. గుంతకల్లులో రైల్వే గార్డు గారి కూతురు, పేరు శైలజ, టీచరు. ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం లేని లోటు కప్పడానికి మామ, పిల్లోడు ఎవరికీ రాని విదేశీ భాషలో పండితుడని పెళ్లిచూపుల్లో కోతలు కోశాడు. నేను కాదనలేదు సరికదా, కాఫీ తాగుతూ దాని చరిత్ర ఎత్తుకున్నాను. వెనకటికి ఆ జనం కరువు తాళలేక జర్మనీ వైపు నుంచి సముద్రం నడుమ దీవికి వలస వచ్చారన్నాను. వాన కోసం కప్పలకు పెళ్లి చేసేవారన్నాను. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు పడే బోరు పాయింటు చూసేవారని కూడా అన్నాను. మామ మీసం దువ్వుకున్నాడు.

దూరిష్‌లో నీళ్లు పడని బోరుకు ఒక మాట, పడి ఎండిపోయినదానికి ఇంకొకటి, పక్కవాడి బోరు వల్ల ఎండినదానికి మరొకటి, ఇది తిట్టుగా కూడా పనికొస్తుందని వివరిస్తుంటే, శైలజ మొదటిసారి నోరు విప్పింది.

"పడవను ఏమంటారు?"

బుర్రంతా వెతికాను. లేదు. చేపకూ లేదు, అలకూ లేదు. ఆ మాటతో వాళ్లకు పని పడలేదని గొణిగాను.

"చుట్టూ సముద్రమంటిరి కదా. మరి ఆడికి యట్ల వచ్చినారు వాళ్లు?"

"ఈళ్ల మాదిరే కళ్యాణదుర్గం బస్సులో వచ్చింటారు లేమ్మా," అన్నాడు వాళ్ల నాయన.

లోపలి గదిలోంచి ఆడవాళ్ల నవ్వు వినిపించింది. మామ చెయ్యి మీసం మీంచి దిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్నాళ్లాగి మామ ఫోన్ చేస్తే గార్డు గారు మర్యాదగానే జవాబిచ్చారట. "పిల్లోడు మంచోడేనప్పా. పడవ లేని దీవికి మా పిల్లను యట్ల పంపేది?"

కాబట్టి పాఠకులారా, మా ఎండిన బోర్లన్నిటి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో మళ్లీ దీవిని పుట్టిస్తే, ముందు పడవ కట్టిన తర్వాతే జనాన్ని దించుతాను.